రిజిస్ట్రేషన్‌కు వారం ముందు కొనేవాళ్లు వద్దన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో పన్నెండేళ్ల నాటి ఫ్లాట్. మావారు రిటైర్ అయ్యారు కాబట్టి మా అమ్మకు దగ్గరగా ఉందామని రాజమండ్రిలో ఇల్లు చూసుకున్నాం. ఫ్లాట్ 72 లక్షలకు బేరం కుదిరింది. 5 లక్షలు అడ్వాన్స్ తీసుకుని రెండు నెలల గడువుతో అగ్రిమెంట్ రాసుకున్నాం. ఆ ధైర్యంతోనే రాజమండ్రి ఇంటికి (58 లక్షలు) 6 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాం. తీరా రిజిస్ట్రేషన్ వారం ఉందనగా కొనేవాళ్లు ఫోన్ చేసి, "మా నాన్నగారికి ఇష్టం లేదు, మా డబ్బు మాకిచ్చేయండి" అన్నారు. అప్పట్నుంచీ ఫోన్ ఎత్తడం లేదు. బ్రోకరేమో వాళ్లకి లోన్ తక్కువ వచ్చిందంటున్నాడు. మధ్యలో ఇంకొకరు 74 లక్షలకు అడిగితే, మాట ఇచ్చేశామని మావారు కాదన్నారు. ఇప్పుడాయన సరిగ్గా తినడం లేదు, మాట్లాడడం లేదు. అడ్వాన్స్ పైసా కూడా ఇవ్వొద్దు, కేసు వేద్దాం అంటాడు మా మరిది. మొత్తం ఇచ్చేసి వదిలించుకుందాం అంటారు మావారు. సామాన్లు సగం కట్టేశాం, అపార్ట్‌మెంట్ వాళ్లు మాకు వీడ్కోలు భోజనాలు కూడా పెట్టారు, లిఫ్ట్‌లో ఎవరైనా కనిపిస్తే తల దించుకుంటున్నాను. రాజమండ్రి గడువు ఇంకా నెల ఉంది. ఏం చేయమంటారు?
– వి., హైదరాబాద్

సమాధానం:

వి. గారూ, ముందు రాజమండ్రి సంగతి చూడండి. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం కొనేవాళ్ల గురించే ఉంది, ఆ బాధ అలాంటిది, అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. కానీ కొనేవాళ్ల దగ్గర మీకు తొందరేమీ లేదు. వాళ్ల అడ్వాన్స్ మీ చేతిలో ఉంది, ఫ్లాట్ మీ పేరు మీదే ఉంది. గడువు తరుముతున్నది రాజమండ్రిలో. అక్కడ మీ డబ్బు 6 లక్షలు వేరేవాళ్ల చేతిలో ఉంది, ఇంకో నెల దాటితే మీరిప్పుడు ఆ కొనేవాళ్లను ఏమంటున్నారో అదే మాట ఆ ఇంటాయన మిమ్మల్ని అంటాడు.

కాబట్టి ఈ వారంలోనే వెళ్లండి. ఫోన్‌లో వద్దు, బ్రోకర్ ద్వారా అసలే వద్దు, ఇద్దరూ కలిసి వెళ్లండి. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో ఉంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: మా ఫ్లాట్ కొనేవాళ్లు ఆఖర్లో వెనక్కి తగ్గారు, ఇల్లు మాకు కావాలి, మాకు ఇంకో మూడు నెలలు టైం కావాలి. గడువుకు ముందే వచ్చి చెప్పినవాళ్లకూ గడువు దాటాక దొరికినవాళ్లకూ ఇచ్చే మర్యాదలో చాలా తేడా ఉంటుంది. ఆయనకు డబ్బు అవసరం ఉందంటే ఇంకో లక్షో రెండు లక్షలో అడ్వాన్స్ పెంచుతామనండి, లేదా ఆలస్యమైన నెలలకు బ్యాంకు వడ్డీ లెక్కన ఎంతో కొంత కలుపుతామనండి. ఒప్పుకుంటే మాత్రం అక్కడే, అదే అగ్రిమెంట్ వెనకాల గడువు ఫలానా తేదీ వరకు పొడిగించామని రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి, సాక్షుల సంతకాలు కూడా పెట్టించండి. నోటిమాట ఎంత బలమైనదో మీకు ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన ఒప్పుకోకపోతే? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అడ్వాన్స్ పోతుందన్న భయంతో బయట వడ్డీకి తెచ్చి ఇల్లు కొనేస్తారు. మీకు మిగిలిన బాకీ 52 లక్షలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు లక్షా 4 వేలు, ఆరు నెలలకు 6 లక్షల 24 వేలు. అంటే ఏ 6 లక్షలు పోకూడదని అప్పు చేశారో అంతకంటే ఎక్కువ వడ్డీకే పోతుంది, పైగా ఆరు నెలల్లో ఫ్లాట్ అమ్ముడవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. మీ పిల్లల్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఉంటే, వాళ్లతో కలిసి రాజమండ్రి ఇంటి మీదే బ్యాంకులో హౌసింగ్ లోన్ అడగండి. ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) వడ్డీకి తీసుకున్న ఇంటి రుణాన్ని ముందుగా కట్టేస్తే బ్యాంకు వ్యక్తుల దగ్గర పెనాల్టీ వసూలు చేయకూడదు, రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది, కాబట్టి ఫ్లాట్ అమ్ముడైన రోజు ఆ లోన్ తీర్చేయొచ్చు. అది కూడా కుదరకపోతే రాజమండ్రి ఇల్లు వదులుకోవడానికి మనసు సిద్ధం చేసుకోండి. అమ్మకు దగ్గరగా ఉండాలంటే ఆ ఇల్లే కానక్కర్లేదు, ఏడాది పాటు అద్దెకు తీసుకున్నా అమ్మ దగ్గరే ఉంటారు.

పన్ను గురించి కూడా ఓ మాట. పాత ఇల్లు అమ్మకుండా కొత్తది ముందే కొంటే క్యాపిటల్ గెయిన్స్ (ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద పన్ను) మినహాయింపు పోతుందని ఎవరైనా భయపెడతారు. పోదు. పాతది అమ్మిన తేదీకి ముందు ఏడాదిలోపు కొన్న ఇంటికీ, అమ్మిన తర్వాత రెండేళ్లలోపు కొన్న ఇంటికీ ఆ మినహాయింపు వర్తిస్తుంది. కొత్తది మీ పేర్ల మీద ఎలా కొనాలో మాత్రం ఒకసారి ఆడిటర్‌ను అడిగి చేయండి.

ఇక కొనేవాళ్ల సంగతి. వాళ్లు వెనక్కి తగ్గిన అసలు కారణం తెలుసుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే కారణాన్ని బట్టి ఎవరికి ఏం రావాలన్నదే మారిపోతుంది. నాన్నగారికి ఇష్టం లేదన్నది మొహమాటానికి చెప్పే మాట కావచ్చు. బ్రోకర్ చెప్పిందే నిజమైతే లెక్క ఇలా ఉండి ఉంటుంది: 30 నుంచి 75 లక్షల మధ్య ఇంటి రుణాలకు బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. 72 లక్షల ఫ్లాట్ కాబట్టి 57 లక్షల 60 వేలు వస్తుందనుకుని బేరమాడి ఉంటారు. కానీ బ్యాంకు పంపిన వాల్యూయర్ పన్నెండేళ్ల బిల్డింగ్ చూసి 60 లక్షలే విలువ కట్టాడనుకోండి, లోన్ 48 లక్షలకు పడిపోతుంది. అక్కడికక్కడే దాదాపు 10 లక్షలు తక్కువ. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చులు, తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం లెక్కన 5 లక్షల 40 వేలు. అది లోన్‌లో రాదు. ఆఖరి వారంలో అంత డబ్బు పుట్టక, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి ఫోన్ ఎత్తకుండా కూర్చున్న కుటుంబాలు ఉంటాయి. వాళ్లు చేసింది సరైనదని నేననను. రెండు నెలలు మిమ్మల్ని నమ్మించి ఒక్క ఫోన్ కాల్‌తో తేల్చేయడం తప్పే. కానీ కారణం అదే అయితే, వేరే బ్యాంకుకు వెళ్లడానికి పదిహేను రోజులు ఇస్తే పని జరగొచ్చు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాట్సాప్‌లో మర్యాదగా మెసేజ్ పెట్టండి: ఇల్లు కావాలనుకుంటే ఫలానా తేదీలోగా లోన్ శాంక్షన్ లెటర్ (మంజూరైనట్టు బ్యాంకు ఇచ్చే కాగితం) చూపించండి, అక్కర్లేదనుకుంటే అదే మాట రాతపూర్వకంగా చెప్పండి, అడ్వాన్స్ లెక్క కూర్చుని మాట్లాడుకుందాం. ఆ మెసేజ్ దాచుకోండి.

బతిమాలొద్దు మాత్రం. ధర తగ్గిస్తే కొంటాం అని వాళ్లు ఇప్పుడు తిరిగి వస్తే ఒప్పుకోవద్దనే నా సలహా. చివరి వారంలో ఒకసారి తగ్గించుకున్నవాళ్లకు రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద ఇంకోసారి అడగడం కష్టమేమీ కాదు.

ఇంకో కారణం ఉండే అవకాశం ఉంది, దాని గురించి మీరు రాయలేదు. వాళ్ల బ్యాంకు లీగల్ పరిశీలనలో మీ కాగితాల్లో ఏదైనా లోపం దొరికిందా? లింకు డాక్యుమెంట్ (పాత యజమానుల నుంచి ఆస్తి చేతులు మారిన దస్తావేజు) ఒకటి లేకపోవడం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోవడం, ప్లాన్‌కు మించి అంతస్తు కట్టి ఉండడం, పాత లోన్ తీర్చేసినా ఈసీలో (ఆస్తి మీదున్న అప్పులూ లావాదేవీలూ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఇంకా అలాగే కనిపించడం, ఇలాంటివి. లోన్ ఆఫీసర్ ఎవరో కనుక్కుని అడగండి, లేదా బ్రోకర్‌ను గట్టిగా నిలదీయండి, కమీషన్ కావాలంటే అతనూ కాస్త తిరగాలి. లోపం మీ కాగితాల్లోనే ఉంటే మాట తప్పింది వాళ్లని అనలేం, అప్పుడు అడ్వాన్స్ తిరిగి ఇవ్వాల్సిందే. పైగా ఆ లోపం సరిచేయకపోతే వచ్చే కొనుగోలుదారుడూ సరిగ్గా ఇదే వారంలో ఇదే మాట చెప్తాడు. అందుకే వాళ్లు ఫోన్ ఎత్తినా ఎత్తకపోయినా మీ అంతట మీరే ఒక లాయర్‌కు కాగితాలన్నీ చూపించి లీగల్ ఒపీనియన్ రాయించుకోండి. అలాగే, బ్యాంకు కోసమని వాళ్లకు ఒరిజినల్ డాక్యుమెంట్లు ఏవైనా ఇచ్చి ఉంటే అన్నిటికంటే ముందు అవి వెనక్కి తెచ్చుకోండి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, వాళ్లే వెనక్కి తగ్గారు అనుకుందాం. అప్పుడు ఆ 5 లక్షలు ఎవరివి? మీ మరిది అన్నదీ పూర్తిగా నిజం కాదు, మీవారు అన్నదీ అక్కర్లేదు. అగ్రిమెంట్ తీసి చూడండి, కొనేవాళ్లు గడువులోగా మిగతా డబ్బు కట్టకపోతే అడ్వాన్స్ వదులుకోవాలని రాసి ఉందా, అది బయానా (మాట తప్పితే వదులుకుంటామన్న హామీగా ఇచ్చే సొమ్ము) అని రాసి ఉందా, లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలన్న షరతు ఏదైనా ఉందా. కోర్టులు బయానాను ఒకలా, ధరలో భాగంగా ముందే కట్టిన డబ్బును ఒకలా చూస్తాయి. ఢిల్లీలోని ఒక బంగ్లా అమ్మకం కేసులో 1963లోనే సుప్రీంకోర్టు, బయానాగా ఇచ్చిన వెయ్యి రూపాయలు అమ్మినవాళ్లు ఉంచుకోవచ్చంది కానీ తర్వాత కట్టిన 24 వేలను నష్టం చూపించకుండా ఉంచేసుకోవడానికి ఒప్పుకోలేదు. మళ్లీ 2012లో, 70 లక్షల ఇంటికి ఇచ్చిన 7 లక్షల బయానాను, కొనేవాళ్లే మాట తప్పారు కాబట్టి, అమ్మినవాళ్లు ఉంచుకోవచ్చని చెప్పింది. మీది 72 లక్షలకు 5 లక్షలు. అగ్రిమెంట్‌లో ఆ షరతు స్పష్టంగా ఉంటే మీ పక్షం బలంగానే ఉంది. షరతు లేకపోతే మీకు నిజంగా జరిగిన నష్టం వరకే అడగగలరు.

చట్టం ఇచ్చిన హక్కును పూర్తిగా వాడుకోవాలా వద్దా అన్నది వేరే సంగతి. నన్నడిగితే మీ నష్టం లెక్క వేయండి. రాజమండ్రిలో 6 లక్షలు పోతే ఈ 5 లక్షలు మొత్తం ఉంచుకోండి, ఏమాత్రం బాధపడకండి, అది వాళ్ల వల్ల జరిగిన నష్టమే. రాజమండ్రి ఇంటాయన టైం ఇస్తే, ఆయనకు అదనంగా ఇచ్చినదీ, లాయర్ ఖర్చులూ, ఫ్లాట్ 72 కంటే తక్కువకు పోతే ఆ తేడా, ఇవన్నీ పట్టుకుని మిగిలింది వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. ఎప్పుడు? ఫ్లాట్ మళ్లీ అమ్ముడయ్యాక. ఇల్లు అమ్ముడుపోయాక మీ అడ్వాన్స్ లెక్క చూసి ఇస్తాం అనడం మన దగ్గర కొత్తేమీ కాదు, పెద్దమనుషులు కూర్చున్న చోట ఎక్కువగా అక్కడికే వస్తారు. ఆ మాట వినగానే మీవారికి మనసు కాస్త తేలికపడుతుందని నా నమ్మకం. ఆయన ఇచ్చేద్దాం అంటున్నది పిరికితనంతో కాదు, ఇంకొకరి డబ్బు మన దగ్గర ఉంచుకోకూడదన్న పద్ధతి వల్ల.

కానీ ఏ దారిలో వెళ్లినా రాతలో రద్దు చేసుకోకుండా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ఫ్లాట్ ఇంకొకరికి అగ్రిమెంట్ రాయొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. రిజిస్ట్రేషన్ చేయించమని కొనేవాళ్లు కోర్టుకు వెళ్లడానికి గడువు తేదీ నుంచి మూడేళ్ల సమయం ఉంటుంది. ఇవాళ వద్దన్నవాళ్లే రేపు ఆ పక్క మెట్రో స్టేషన్ దగ్గర రేట్లు పెరిగాయని తెలిసి, పాత అగ్రిమెంట్ పట్టుకుని కేసు వేస్తే గెలవకపోయినా మీ అమ్మకం ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఫలానా తేదీ అగ్రిమెంట్‌ను ఇద్దరం ఇష్టపడి రద్దు చేసుకున్నాం, ఈ ఫ్లాట్ మీద మాకు ఏ హక్కూ లేదు, మాకు రావలసింది ఇంత, ఫలానా సమయానికి తీసుకుంటాం అని కాగితం రాయించి సంతకాలు తీసుకోండి, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్ అగ్రిమెంట్ వెనక్కి తీసుకోండి. ఒకవేళ ఆ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ అవ్వాలి, లేకపోతే ఈసీలో అది అలాగే కనిపిస్తూ ఉంటుంది. సంతకానికి రాకపోతే లాయర్ చేత నోటీసు పంపించండి, ఫలానా తేదీకి మిగతా డబ్బుతో వచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోండి, రాకపోతే అగ్రిమెంట్ రద్దయినట్టే అని. స్థలాలూ ఇళ్ల విషయంలో అగ్రిమెంట్‌లో రాసిన గడువు దాటగానే ఒప్పందం దానంతట అదే చచ్చిపోయిందని కోర్టులు అనుకోవు, అందుకే ఈ నోటీసు కావాలి. అది స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువుతో పంపించండి.

డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు నగదుగా ఇవ్వకండి. ఇంటి అమ్మకానికి తీసుకున్న అడ్వాన్స్ 20 వేలు, ఆ పైన ఉంటే తీసుకోవడమూ తిరిగి ఇవ్వడమూ బ్యాంకు ద్వారానే జరగాలి, లేకపోతే ఆదాయపు పన్ను వాళ్లు అంతే మొత్తం పెనాల్టీ వేయగలరు. మీరు ఉంచుకున్న అడ్వాన్స్ కూడా ఆ ఏడాది మీ ఆదాయంలోకి వస్తుంది, దాని మీద పన్ను కట్టాలి. 50 లక్షలు దాటిన ఇల్లు కాబట్టి వాళ్లు అడ్వాన్స్‌లో ఒక శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే పట్టి కట్టే పన్ను) కట్టి ఉంటే అది మీ పాన్ మీద కనిపిస్తుంది, అదీ చూసుకోండి.

కేసు సంగతి మీ మరిదికి ఇలా చెప్పండి: డబ్బు మన దగ్గరే ఉంది, కేసు వేయాల్సిన అవసరం వాళ్లకు ఉంటే ఉండొచ్చు, మనకు లేదు. ఇష్టం లేని మనిషి చేత ఇల్లు కొనిపించడానికి సివిల్ కోర్టులో ఏళ్లు గడపడం మీ వయసులో మీకెందుకు?

ఫ్లాట్ మాత్రం ఇప్పుడే మళ్లీ చూపించడం మొదలుపెట్టండి, రద్దు కాగితం వచ్చేదాకా అగ్రిమెంట్ రాయొద్దన్నాను కానీ చూపించొద్దనలేదు. 74 లక్షలకు అడిగినవాళ్లకు మొదటి ఫోన్ చేయండి. వాళ్లు వేరేది కొనేసి ఉండొచ్చు, అయినా అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. ఎందుకు ఆగిపోయిందని ఎవరడిగినా నిజం చెప్పండి, కథలు అల్లితే బ్రోకర్ల నోట అవి నాలుగు రకాలుగా తిరిగి ఇల్లు అచ్చిరాలేదన్న దాకా వెళ్తాయి. వెంటనే ధర తగ్గించకండి. ఆషాఢం వస్తే ఎలాగూ ఫోన్లు తగ్గుతాయి, శ్రావణంలో మళ్లీ మొదలవుతాయి, ఆ మధ్యలో కంగారుపడి 65కి ఇచ్చేయొద్దు. ఈసారి లోన్ మీద కొనేవాళ్లయితే బ్యాంకు శాంక్షన్ లెటర్ చూశాకే అగ్రిమెంట్ రాయండి, బ్యాంకు వాల్యూయర్ వచ్చి చూసి వెళ్లాకైతే ఇంకా మంచిది. బయానా పదిశాతం దాకా తీసుకోండి, లోన్ రాకపోతే ఎంత పట్టుకుంటారో అంకెతో సహా రాయండి. ఇంకొకటి, ఫ్లాట్ డబ్బు ఖాతాలో పడేదాకా వేరే ఇంటికి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే ఆ గడువు దీనికంటే కనీసం మూడు నెలలు వెనక ఉండేలా రాయించుకోండి.

మీవారి గురించి. మీ ఉత్తరంలో రెండు లక్షలు ఎక్కువ వచ్చే బేరాన్ని ఆయన కాదన్న సంగతి కాస్త కోపంగానే రాశారు. ఆ కోపం ఇంట్లో కూడా వినిపిస్తూ ఉంటే ఇవాళే ఆపండి. అడ్వాన్స్ తీసుకుని అగ్రిమెంట్ రాసుకున్నాక ఎక్కువ ధర వచ్చిందని ఇంకొకరికి అమ్మితే, మాట తప్పినవాళ్లు మీరయ్యేవారు, వాళ్లు కోర్టుకెళ్తే ఓడిపోయేదీ మీరే. ఆయన చేసింది మంచితనమే కాదు, చట్టం ప్రకారం చేయాల్సింది కూడా అదే. ఈ మాట ఆయనకు మీ నోటితో చెప్పండి, చుట్టూ తిప్పి కాకుండా సూటిగా: "మీరు చేసింది కరెక్టే, తప్పు చేసింది వాళ్లు." ఆయన బహుశా ఈ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తూ ఉన్నారు. తర్వాత పనులు పంచుకోండి. లాయర్, కాగితాలు ఆయనకి; బ్రోకర్, ఇల్లు చూపించడం మీకు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఈ విషయం ఎత్తొద్దు. రెండు వారాలు దాటినా ఆయన తిండి, నిద్ర దారిలోకి రాకపోతే డాక్టర్‌కు చూపించండి, రిటైర్ అయిన కొత్తలో ఇలాంటి దెబ్బ తగిలితే కొందరు లోపలికి కుంగిపోతారు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు. మీకు నిద్ర పట్టకపోయినా సరే, అది మీకోసం కూడా.

అపార్ట్‌మెంట్ వాళ్ల ముందు తల దించుకోవాల్సిన పని మీరు చేయలేదు. భోజనాలు పెట్టి పంపేంత ఇష్టం ఉన్నవాళ్లు మీరు ఇంకో ఆరు నెలలు ఉంటున్నారంటే సంతోషిస్తారు గానీ నవ్వరు. అడిగినవాళ్లకు ఒకే జవాబు పెట్టుకోండి, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, మళ్లీ చూస్తున్నాం, ఎవరైనా ఉంటే చెప్పండి అని. పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు చాలాసార్లు పక్కింటివాళ్ల చుట్టాలకే అమ్ముడవుతాయి. కట్టిన సామాన్లలో వంటింటివీ రోజూ వాడేవీ విప్పేయండి, పెట్టెల మధ్య బతకొద్దు, ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లకు కూడా సర్దుకుని ఉన్న ఇల్లే బాగా కనిపిస్తుంది.

అగ్రిమెంట్‌లో అడ్వాన్స్ గురించి, లోన్ గురించి ఉన్న వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి, పేర్లు, డోర్ నంబర్లు వద్దు. వాటిని చూస్తే ఆ 5 లక్షల్లో మీరు ఎంతవరకు ఉంచుకోవచ్చో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. కానీ నా జవాబు కోసం ఆగకుండా రాజమండ్రి టికెట్లు మాత్రం బుక్ చేసుకోండి.